కువైట్‌కు వెళ్లేవారు తెలుసుకోవలసిన ఆరు మాటలు



కొన్నేళ్ల క్రితం ఒక సాయంత్రం మా విచారణకు చెందిన ఒక తల్లి గుడికి వచ్చింది. వెంట భర్త, ఇద్దరు పిల్లలు ఉన్నారు. "రేపు మద్రాసు నుంచి విమానం సామీ, కువైట్‌కు పోతాండా. దీవించి పంపు" అంది. నేను ఆమె తలమీద చేయి ఉంచి ప్రార్థన చేశాను. పిల్లలచేత కూడ జపం చెప్పించాను. ఐతే ఒక్క పని మాత్రం చేయలేదు. "అమ్మా, నీ కాగితాలేవి, ఒకసారి చూపించు" అని అడగలేదు.

మూడు నెలల తర్వాత ఆమె భర్త ఒక జెరాక్సు కాగితం పట్టుకొని వచ్చాడు. "ఫోను రాక నెలయింది. ఈ కాగితంలో ఏముందో సదివి చెప్పు సామీ" అన్నాడు. చదివాను. అది కువైట్ కాగితమే కాదు. మరో గల్ఫు దేశానిది. పైగా అది పనికిచ్చే వీసా కాదు, ఊరు చూచి పోవడానికిచ్చే వీసా. దాని గడువు 30 రోజులు. ఆ గడువు తీరిపోయి అప్పటికే రెండు నెలలైంది. "అక్కడికి పోయినాక కువైట్ వీసా మారుస్తామని ఏజెంటు చెప్పినాడు సామీ" అన్నాడతడు. ఆమె ఏ ఇంటిలో ఉందో అతనికి తెలియదు. ఆ దేశపు ప్రభుత్వానికీ తెలియదు. మన ప్రభుత్వానికి అసలే తెలియదు.

ఆమె 14 నెలలకు తిరిగి వచ్చింది. చేతిలో ఐదు నెలల జీతం కూడ లేదు. ఇక్కడ అప్పుమీద వడ్డీ మాత్రం ఒక్క నెల కూడ ఆగలేదు. నేను ఆ రోజు చేసిన ప్రార్థన తప్పు కాదు. కాని ప్రార్థనకు ముందు ఐదు నిమిషాలు ఆ కాగితం చదివి ఉంటే ఆమె విమానమెక్కేది కాదు. అప్పటినుండి దీవెనకు వచ్చినవారిని మొదట కాగితం అడుగుతున్నాను. ఈ వారం పాఠం ఆ అనుభవంనుండి పుట్టిందే.

ఒక మాటకు రెండర్థాలు

గురువిద్యాలయంలో తత్వశాస్త్రం చదివేవారికి మొదట తర్కం నేర్పుతారు. అందులో ఒక పాఠమిది. ఒకే మాటను ఒకచోట ఒక అర్థంలోను, మరొకచోట మరో అర్థంలోను వాడితే వాదం చెడిపోతుంది. కుర్చీకి నాలుగు కాళ్లున్నాయి. కాళ్లున్నది నడుస్తుంది. కనుక కుర్చీ నడుస్తుంది. ఈ మాట వింటే చిన్న పిల్లలు కూడ నవ్వుతారు.

ఇప్పుడు ఈ మాట వినండి. నీకు వీసా వచ్చింది. వీసా ఉన్నవాళ్లు అక్కడ పని చేసుకోవచ్చు. కనుక నీవు పని చేసుకోవచ్చు. దీనికి మాత్రం మనం నవ్వం. నగలు కుదువబెట్టి డబ్బు కడతాం. కాని రెండు వాదాల్లోను ఉన్న మోసం ఒకటే. మన కడప, రాజంపేట, రాయచోటి ప్రాంతాలనుండి, గోదావరి జిల్లాలనుండి కువైట్‌కు వెళ్లి బాగుపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. దెబ్బతిన్న కుటుంబాలు కూడ ఉన్నాయి. ఈ రెండవ రకంవాళ్ల కథలు వింటే ఒక సంగతి తెలుస్తుంది. చాలసార్లు వాళ్ల కష్టం కువైట్‌లో మొదలు కాలేదు. ఇక్కడే, ఇంటి వసారాలో, అర్థం తెలియని ఒక మాటను నమ్మినప్పుడు మొదలైంది. కనుక అలాంటి ఆరు మాటల అర్థం తెలుసుకొందాం.

1. వీసా

వీసా అంటే ఒక దేశంలో అడుగుపెట్టడానికి ఆ దేశమిచ్చే అనుమతి. ఎందుకు అడుగుపెడుతున్నామో ఆ కాగితంమీదే వ్రాసి ఉంటుంది. చూచిపోవడానికి వచ్చినవాడు పని చేయకూడదు. పని చేస్తే తప్పు అతనిదే ఔతుంది, పంపించిన ఏజెంటుది కాదు.

కువైట్‌లో నివాస అనుమతులను చట్టంలోని నంబర్లతో పిలుస్తారు. ప్రభుత్వోద్యోగులది 17. కంపెనీల్లోను, దుకాణాల్లోను పనిచేసేవారిది 18. మనవాళ్లు దీన్ని షూన్ వీసా అంటారు. ఇంటిపని, వంటపని, ఇంటి డ్రైవరు పని చేసేవారిది 20. దీన్ని ఖాదిం వీసా అంటారు. భార్యాపిల్లలను తీసుకొని వెళ్లినప్పుడు వాళ్లకిచ్చేది 22. ఈ నంబర్ల మధ్య తేడా చిన్నది కాదు. 18 వాళ్లకు ఒక కార్మిక చట్టం, 20 వాళ్లకు మరో చట్టం వర్తిస్తాయి. 20 నంబరుమీద వెళ్లినవాడు హోటల్లో పనిచేస్తే నేరం. 20 నుండి 18 కి మారడం కూడ ఎప్పుడంటే అప్పుడు జరిగేది కాదు. 2024లో జులై మధ్యనుండి సెప్టెంబరు మధ్యవరకు రెండు నెలలపాటు ఆ అవకాశమిచ్చారు, తర్వాత మూసివేశారు. కనుక "ముందు ఖాదిం వీసామీద పో, ఆ తర్వాత కంపెనీకి మారవచ్చు" అని ఎవరైనా చెప్తే నమ్మి బయలుదేరకండి.

ఇక ఫ్రీ వీసా లేక ఆజాద్ వీసా అనే మాట. చట్టంలో ఈ పేరుగల వీసా లేనే లేదు. ఒక కువైటీ తన పేరుమీద వీసా తీసి అమ్ముకొంటాడు. కొన్నవాడు బయట ఎక్కడో పని వెదకుకొంటాడు. అకామా తిరిగి వేయించవలసినప్పుడల్లా ఆ కఫీల్‌కు డబ్బు కడతాడు. తనిఖీలో పట్టుబడితే "నీ యజమాని ఎవరు? నీవు పని చేస్తున్నది ఎవరివద్ద?" అని అడుగుతారు. ఆ రెండు జవాబులు వేరైతే చాలు, అతన్ని పంపివేస్తారు. పేరు ఫ్రీ ఐనా దానికి పెట్టే ఖర్చు అన్నిటికంటె ఎక్కువ. అది ఇచ్చే స్వేచ్ఛ అన్నిటికంటె తక్కువ.

2. ఏజెంటు

మన దేశంలో 1983లో చేసిన వలస చట్టం ఉంది. విదేశాల్లో పనికి మనుషులను పంపేవాడు ఈ చట్టం క్రింద ప్రభుత్వంవద్ద నమోదు చేయించుకోవాలి. అతనికొక నంబరుంటుంది. ఆ నంబరు నిజమైనదో కాదో ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. మీ ఇంటిలో పదవ తరగతి చదివే పిల్లవాడు ఈ పని పది నిమిషాల్లో చేసిపెడతాడు.

ఐతే మన గ్రామాలకు వచ్చేది సాధారణంగా ఈ నమోదైన ఏజెంటు కాదు. అతని పేరు చెప్పుకొని తిరిగే సబ్ ఏజెంటు. ఇతడు మనకు తెలిసినవాడే. మేనమామ వరుస ఔతాడు, లేక బాబాయి వరుస. చుట్టరికం ఉంది కనుక రసీదు అడగడానికి మనకు మొగమాటం. చట్టం దృష్టిలో సబ్ ఏజెంటు అనేవాడు లేడు. రేపు మోసం జరిగితే "నేను మాట సాయం చేశానంతే" అంటాడు.

నమోదైన ఏజెంటు పనివానినుండి తీసుకోదగిన రుసుము 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ. అంతకుమించి తీసుకొంటే నేరం. డబ్బు బ్యాంకు ద్వారా కట్టండి, రసీదు తీసుకోండి. లక్ష, రెండు లక్షలు అడిగేవాడు చట్టానికి వెలుపల ఉన్నాడని ఆ అంకెనుబట్టే తెలుసుకోవచ్చు.

పదవ తరగతి పాసు కానివారి పాస్‌పోర్టుమీద ఇసిఆర్ అనే మూడక్షరాలు ఉంటాయి. ఇలాంటివారు కువైట్, సౌదీ, ఖతర్, ఒమన్, బహ్రెయిన్, ఎమిరేట్లు మొదలైన 18 దేశాలకు పనికి వెళ్లాలంటే వలసదారుల సంరక్షణాధికారి అనుమతి కావాలి. ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. ఇంటిపనికి వెళ్లే స్త్రీకి 30 ఏళ్లు నిండి ఉండాలి. వాళ్లను పంపే పని ప్రభుత్వం ఎంపిక చేసిన సంస్థలకే అప్పగించింది. ఆంధ్రప్రదేశ్‌లో ఓంక్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ అలాంటివి.

ఇక్కడ ఒక కష్టమైన విషయముంది. దాన్ని దాచకూడదు. 27 ఏళ్ల తల్లికి భర్త తాగుబోతు, మీద అప్పులు. ఆమెకు ఈ నియమం రక్షణలాగా కనిపించదు, మూసిన తలుపులాగా కనిపిస్తుంది. సరిగా అప్పుడే సబ్ ఏజెంటు వచ్చి ప్రక్కదారి చూపిస్తాడు. సందర్శన వీసా తెస్తాడు. ఆమెమీద నేను రాయి వేయను. కాని ఆ ప్రక్కదారిలో ఏమి పోగొట్టుకొంటుందో ఆమెకు ఎవరైనా చెప్పాలి. సరైన దారిలో వెళ్లిన స్త్రీ పేరు, యజమాని పేరు, చిరునామా, జీతం మన ప్రభుత్వపు లెక్కలో ఉంటాయి. ఆపద వస్తే రాయబార కార్యాలయం ఆ యజమానినే పిలిచి అడగవచ్చు. ప్రక్కదారిలో వెళ్లిన స్త్రీ ఆ లెక్కలో పనిమనిషి కాదు, విహారయాత్రికురాలు. తిరిగి రాని విహారయాత్రికురాలిని ఏ ఇంటిలో వెదకాలి?

ఇంకొక సంగతి. సంరక్షణాధికారి అనుమతితో వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు కడితే ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా వికలాంగులైనా 10 లక్షల రూపాయలు వస్తాయి. ప్రక్కదారిలో వెళ్లినవారి కుటుంబానికి ఈ బీమా ఉండదు.

3. ఒప్పందం

ఒప్పందంలో నాలుగు సంగతులు చూడాలి. పని ఏమిటి? జీతం ఎంత? ఎన్నేళ్లు? యజమాని ఎవరు? ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి ఖాళీగా ఉన్నా సంతకం పెట్టకండి, వ్రేలిముద్ర వేయకండి. ఇక్కడ ఒక ఒప్పందం చూపించి, అక్కడ దిగాక తక్కువ జీతంతో మరో కాగితంమీద సంతకం పెట్టించడం చాలమందికి జరిగింది. అక్కడి న్యాయస్థానం భాష అరబ్బీ. కనుక అరబ్బీ ప్రతిలో ఏముందో తెలిసినవారిచేత చదివించుకోండి. జీతం అంకె రెండు ప్రతుల్లోను ఒకటేనా అని సరిచూచుకోండి.

ఇంటిపనివారి కోసం కువైట్ 2015లో 68వ నంబరు చట్టం చేసింది. మన స్త్రీలలో చాలమందికి ఇలాంటి చట్టముందని కూడ తెలియదు. దాని ప్రకారం రోజుకు పని 12 గంటలు మించకూడదు. మధ్యలో విశ్రాంతి ఇవ్వాలి. వారానికి ఒక రోజు సెలవు. ఏడాదికి 30 రోజులు జీతంతో కూడిన సెలవు. పని ముగించి వచ్చేటప్పుడు ఏడాదికొక నెల జీతం చొప్పున అదనంగా ఇవ్వాలి. కనీస జీతం 60 దీనార్లని 2016లో నిర్ణయించారు. ఒప్పందంలో అంతకంటె తక్కువ వ్రాయకూడదు, ఎక్కువ వ్రాయవచ్చు.

చట్టమున్నంత మాత్రాన ప్రతి ఇంటిలోను అది అమలౌతుందని నేననను. నాలుగు గోడల మధ్య జరిగేది బయటికి తెలియడం కష్టం. ఐనా హక్కు ఉందని తెలిసినవాడు అడుగుతాడు. తెలియనివాడు దయకోసం ఎదురు చూస్తాడు. జీతం దయ కాదు. అది చేసిన పనికి రావలసిన ఋణం.

4. అకామా

వీసా గడపవరకే. గడప దాటాక ఆ దేశంలో నివసించడానికి కావలసింది అకామా, అనగా నివాసానుమతి. దిగిన తర్వాత వైద్య పరీక్ష, వ్రేలిముద్రలు పూర్తిచేసి అకామా వేయించాలి. తర్వాత గుర్తింపు కార్డు వస్తుంది. దాన్ని మనవాళ్లు బతాకా అంటారు. ఈ కార్డు లేనిదే బ్యాంకు ఖాతా ఉండదు, ఆసుపత్రిలో కష్టం, వీధిలో పోలీసులడిగితే చూపడానికి ఏమీ ఉండదు. అకామా వేయించే బాధ్యత కఫీల్‌ది. కాని అది వేయకపోతే వీధిలో పట్టుబడేది పనివాడే. కనుక దిగిన నెలలోపలే "నా అకామా పడిందా?" అని అడగాలి. గడువు తేదీ ఇంటికి ఫోనుచేసి చెప్పాలి. ఇంటిలో ఆ తేదీని క్యాలెండరుమీద వ్రాసి పెట్టుకోవాలి.

సెలవుమీద వచ్చినవారు కూడ జాగ్రత్తగా ఉండాలి. కువైట్ 2025 జనవరినుండి క్రొత్త నివాస చట్టం అమలు చేస్తున్నది. దాని ప్రకారం ఇంటిపని అకామా ఉన్నవారు యజమాని అనుమతి పొందకుండ నాలుగు నెలలకు మించి దేశం వెలుపల ఉంటే అకామా పోతుంది. కూతురి పెళ్లనీ, ఇల్లు కట్టాలనీ ఇక్కడే ఉండిపోయి, తర్వాత విమానాశ్రయంలో ఏడిస్తే ప్రయోజనం లేదు.

5. పాస్‌పోర్టు

కువైట్‌లో దిగగానే యజమాని పాస్‌పోర్టు తీసుకొని బీరువాలో పెడతాడు. ఇది అక్కడి ఆచారమని మనవాళ్లు మారుమాట్లాడరు. కాని ఇందాక చెప్పిన 2015 చట్టం ప్రకారమే పనివారి అంగీకారం లేకుండ పాస్‌పోర్టును, గుర్తింపు కార్డును యజమాని ఉంచుకోకూడదు. అంతేకాదు, మన చట్టం ప్రకారం పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు ఆస్తి. అది మనది కూడ కాదు, మనకు అప్పగించబడింది. అలాంటప్పుడు యజమానిది ఎలా ఔతుంది?

"ఐతే యజమానితో కొట్లాడమంటారా సామీ?" అని ఒక యువకుడు నన్నడిగాడు. కొట్లాడమనను. పరదేశంలో క్రొత్తగా దిగినవాడు మొదటిరోజే తగవు పెట్టుకోలేడు. కాని దిగకముందే ఒక పని చేయవచ్చు. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా, ఒప్పందం మూడేసి ప్రతులు తీయించండి. ఒకటి మీతో, ఒకటి ఇంటిలో, ఒకటి నమ్మకమైన బంధువు ఇంటిలో ఉంచండి. సెల్‌ఫోనులో ఫోటోలు తీసుకోండి. అసలు పాస్‌పోర్టు పోయినా దాని నంబరు ఉంటే రాయబార కార్యాలయం పని త్వరగా జరుగుతుంది. నంబరు కూడ లేకపోతే "నేను భారతీయుణ్ణి" అని రుజువు చేసుకోవడానికే నెలలు పడతాయి.

6. కల్లివెల్లి

ఈ మాట మన ఊళ్లలో చిన్న పిల్లలకు కూడ తెలుసు. అరబ్బీలో దీని అర్థం "పోతే పోనీ" అని. కఫీల్‌ను విడిచి బయట పనిచేసేవారిని మనవాళ్లు కల్లివెల్లి అంటారు. బయట జీతం ఎక్కువ వస్తుందని కొందరు వెళతారు. దెబ్బలు తట్టుకోలేక, జీతమివ్వనందుకు, గౌరవానికి భంగం కలిగినందుకు మరికొందరు వెళతారు. రెండు రకాలవాళ్లనూ ఒకే గాట కట్టడం అన్యాయం. కాని యజమాని "నా పనివాడు పారిపోయాడు" అని ఫిర్యాదు వ్రాయించాక చట్టం ఇద్దరినీ ఒకేలాగ చూస్తుంది.

కల్లివెల్లి ఐనవాడు జబ్బుచేస్తే ఆసుపత్రికి వెళ్లడానికి భయపడతాడు. జీతం ఎగవేసినా ఫిర్యాదు చేయలేడు. ఇక్కడ తల్లి చనిపోయినా రాలేడు. కనుక బాధ భరించలేనప్పుడు బయటికి రావడం తప్పు కాదు. బయటికి వచ్చి ఎక్కడికి వెళ్లామన్నదే ముఖ్యం. నేరుగా భారత రాయబార కార్యాలయానికి వెళ్లాలి. కష్టంలో ఉన్న స్త్రీలకు అక్కడ ఆశ్రయ గృహముంది. ఇంటిపనివారి ఫిర్యాదులు వినడానికి కువైట్ ప్రభుత్వపు కార్మిక శాఖలో ప్రత్యేక విభాగముంది. తెలిసినవారి గదికి పోయి దాగుకొని, మరుసటిరోజు మరో ఇంటిలో పనిలో చేరితే మాత్రం బాధితురాలే నేరస్థురాలిలాగా కనిపిస్తుంది.

ఇప్పటికే కల్లివెల్లిగా ఉన్నవారికి అప్పుడప్పుడు క్షమాభిక్ష వస్తుంది. కువైట్ 2018లోను, 2020లోను, 2024లోను ఇలా గడువిచ్చింది. ఆ సమయంలో జరిమానా లేకుండ దేశం విడిచి రావచ్చు. పాస్‌పోర్టు లేనివారికి రాయబార కార్యాలయం అత్యవసర ప్రయాణపత్రమిస్తుంది. దీన్నే మనవాళ్లు అవుట్ పాస్ లేక తెల్ల పాస్‌పోర్టు అంటారు. ఐతే క్షమాభిక్ష ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు. దాన్ని నమ్ముకొని తప్పుదారిలో వెళ్లడం, వైద్యుడున్నాడు గదా అని విషం త్రాగడం లాంటిది.

ఇంటివారు చేయవలసినవి

వెళ్లేవారికంటె ఇంటివద్ద ఉండేవారికి ఈ పాఠం ఎక్కువ అవసరం. ఎందుకంటే ఆపద వచ్చినప్పుడు కాగితాలు పట్టుకొని తిరిగేది వాళ్లే. కనుక ఒక సంచీలో ఈ క్రిందివి భద్రపరచండి.

మొదటిది, పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం ప్రతులు. రెండవది, ఏజెంటు రసీదు, అతని నమోదు నంబరు. మూడవది, బీమా పత్రం. నాలుగవది, కఫీల్ పేరు, ఫోను నంబరు, ఇల్లున్న ప్రాంతం. కువైట్‌లో చిరునామా ప్రాంతం పేరు, బ్లాకు నంబరు, వీధి నంబరు, ఇంటి నంబరుగా చెప్తారు. ఈ నాలుగూ వ్రాసుకోండి. ఐదవది, వెళ్లినవారి బ్యాంకు ఖాతా, నామినీ వివరాలు.

ఖాతా సంగతి కూడ ఒక మాట. విదేశంలో పనిచేసేవారు ఇక్కడి మామూలు సేవింగ్స్ ఖాతాను అలాగే వాడకూడదు. బ్యాంకుకు తెలిపి దాన్ని ఎన్నార్వో ఖాతాగా మార్పించుకోవాలి. అక్కడి సంపాదన పంపడానికి ఎన్నారీ ఖాతా తెరవాలి. దాని వడ్డీమీద ఇక్కడ ఆదాయపు పన్ను లేదు. హవాలా మనిషిచేత పంపిన డబ్బుకు రుజువుండదు. జీతం ఎంత వచ్చిందో, ఎన్ని నెలలు రాలేదో చెప్పే సాక్ష్యం కూడ బ్యాంకు లెక్కే.

ప్రయాణంనాడు ఊరివారిచ్చే మూటలు తీసుకోకండి. పచ్చడి అని ఇచ్చినదాంట్లో ఏముందో మీకు తెలియదు. విమానాశ్రయంలో ఆ సంచీ ఎవరి చేతిలో ఉంటే నేరం వారిదే. నొప్పులకు వాడే ట్రమడాల్ లాంటి మాత్రలు ఇక్కడ వైద్యుడు వ్రాసినవైనా అక్కడ నియంత్రణలో ఉన్నాయి. మీ మందులేవైనా సరే, వైద్యుని చీటీ వెంట ఉంచుకొని, ముందుగా విచారించి తీసుకొని వెళ్లండి. కువైట్‌లో సారాయి తేవడం, కాచడం, అమ్మడం నేరమని మన యువకులు మరువకూడదు.

తిరిగి వచ్చేటప్పుడు కూడ నియమముంది. 2025 జులై 1 నుండి 18 నంబరువారు దేశం విడవాలంటే యజమాని అనుమతిని ముందుగా పొందాలి. కనుక టిక్కెట్టు కొనకముందే అనుమతి అడగాలి.

ఫోను ఆగిపోతే ఇంటివారు నెలలు ఎదురు చూడకూడదు. విదేశాంగ శాఖవారి మదద్ అనే వెబ్‌సైటులో ఫిర్యాదు వ్రాయించవచ్చు. ప్రవాసుల సహాయ కేంద్రానికి 1800 11 3090 నంబరుకు మన దేశంనుండి ఉచితంగా ఫోను చేయవచ్చు. న్యాయ సహాయం, తిరుగు ప్రయాణపు ఖర్చు, చివరికి శవాన్ని తెప్పించడానికి కూడ రాయబార కార్యాలయంవద్ద 2009లో ఏర్పరచిన సంక్షేమ నిధి ఉంది. అది నిజంగా గతిలేనివారికోసం. అడిగితే ఇస్తారు. అడగాలని తెలియకనే చాలమంది అప్పు చేస్తారు.

ముగింపు

మనిషి కాగితంకంటె గొప్పవాడు. ఈ సంగతిలో సందేహం లేదు. మనిషిని దేవుడు చేశాడు, కాగితాన్ని గుమాస్తా చేశాడు. ఐనా పరదేశంలో మన ముఖం ఎవరికీ తెలియదు. మన తండ్రి ఎవరో, మన ఊరెక్కడో, మనం ఎంత నమ్మకస్తులమో అక్కడ చెప్పేవాళ్లు లేరు. మన తరపున మాట్లాడేది ఆ కాగితమొక్కటే. అది నిజం చెప్తే మనకు సాక్షి ఔతుంది. అబద్ధం చెప్తే మనమీదే సాక్ష్యమిస్తుంది. కనుక కాగితాన్ని గౌరవించడమంటే మనిషిని చిన్నచేయడం కాదు, అతని గౌరవాన్ని కాపాడడమే.

మొదట చెప్పిన తల్లి ఇప్పుడు మా విచారణలోనే ఉంది. కూలికి వెళుతున్నది. అప్పు ఇంకా కొంత మిగిలే ఉంది. ఆమె పెద్ద కూతురు ఈ మధ్య పదవ తరగతి పాసైంది. "సర్టిఫికెట్టు జెరాక్సులు తీపించి మూడు చోట్ల పెట్టినా సామీ" అంది ఆ తల్లి. ఆమె నేర్చుకొన్న పాఠానికి చాల ఎక్కువ వెల చెల్లించింది. మనం ఆ వెల చెల్లించకుండానే నేర్చుకోవచ్చు.

మీ ఇంటినుండి ఎవరైనా బయలుదేరుతుంటే ఆదివారం పూజ తర్వాత మీ గురువువద్దకో, మీ ఊరి ఉపాధ్యాయునివద్దకో కాగితాలు తీసుకొని వెళ్లండి. డబ్బు కట్టకముందే వెళ్లండి. డబ్బు కట్టిన తర్వాత చదివితే మిగిలేది దుఃఖమే.

ఇంటిలో చర్చించుకోవడానికి ప్రశ్నలు

1. మన బంధువుల్లో గల్ఫులో ఉన్నవారి వీసా నంబరు, అకామా గడువు తేదీ మనకు తెలుసా?

2. ఏజెంటు మన చుట్టమైతే రసీదు అడగడానికి ఎందుకు మొగమాటపడతాం? ఆ మొగమాటపు ఖర్చు ఎవరు భరిస్తారు?

3. 30 ఏళ్లు నిండని స్త్రీ అప్పుల వలన ప్రక్కదారిలో వెళ్లబోతుంటే, వద్దని చెప్పడంతో మన బాధ్యత తీరుతుందా? ఆ కుటుంబానికి ఇక్కడే మనం ఏ సహాయం చేయగలం?

4. కల్లివెల్లిగా ఉండి తిరిగి వచ్చినవారిని మన ఊరు ఎలా చూస్తున్నది? ఎలా చూడాలి?